సామాను కట్టిన టూరింగ్ సైకిల్‌కు స్టాండు: నా అనుభవం

కిందటి సెప్టెంబరులో స్టీలు ఫ్రేముతో ఒక టూరింగ్ సైకిల్ కొన్నాను. ఖాళీ సైకిల్ 15 కిలోలు. వెనక క్యారియరుకు రెండు పక్కలా పెద్ద పానియర్ సంచులు, ముందు ఫోర్కుకు రెండు చిన్నవి, గుడారం, వంట సామాను, నీళ్లు కలిపితే మరో 25 కిలోలు. నాకు 46 ఏళ్లు. కుడి భుజం పాత నొప్పి, బరువెత్తితే తిరగబెడుతుంది. ఎక్కువగా ఒంటరిగానే తిరుగుతాను. కాబట్టి 40 కిలోల సైకిల్ పడిపోతే లేపేది నేనే, పడకుండా చూసుకోవలసిందీ నేనే. డిసెంబరు చివర విజయవాడ నుంచి శ్రీశైలం వెళ్లాలన్నది ప్రణాళిక. ఆ మధ్య మూడు నెలలూ చక్రాలు, గేర్లు, గుడారం గురించి పడ్డ ఆలోచన ఒక ఎత్తు, స్టాండు గురించి పడ్డ తిప్పలు ఒక ఎత్తు.

సైకిల్‌తోపాటు దుకాణం వాళ్లే ఒంటి కాలు స్టాండు బిగించి ఇచ్చారు. పెడళ్ల ఇరుసుకు వెనకాల, వెనక చక్రాన్ని పట్టి ఉంచే రెండు కింది గొట్టాలకు పైనొక పలక, కిందొక పలక పెట్టి, మధ్యలో ఒకే బోల్టుతో బిగించే రకం. సామాను లేనప్పుడు బాగానే నిలబడింది. అక్టోబరు 12న నాలుగు సంచులూ నింపి కరకట్ట రోడ్డు మీదుగా అవనిగడ్డ వైపు బయలుదేరాను. ముందురోజు వాన పడింది. కృష్ణా జిల్లాలోనే ఉన్న శ్రీకాకుళం అనే ఊరు దగ్గర టీ కోసం ఆగి, స్టాండు వేసి, రెండడుగులు వేశానో లేదో వెనక దబ్బుమన్న చప్పుడు. స్టాండు కాలు తడిసిన ఒండ్రు మట్టిలో దిగబడింది, ముందు చక్రం పక్కకు తిరిగింది, సైకిల్ మొత్తం బోర్లా పడింది. టీ కొట్టు దగ్గర ఉన్న ఇద్దరు కుర్రాళ్లు పరుగెత్తుకొచ్చి "మీరు ఉండండి ఆంటీ" అంటూ లేపారు. అద్దం పగిలింది. వెనక సంచి కొక్కెం ఒకటి విరిగింది, దాన్ని తాడుతో కట్టుకుని ఇంటికి చేరాను. ఆ కుర్రాళ్లు లేకపోతే ఏం చేసేదాన్నో అన్న ఆలోచన ఆ రాత్రి నన్ను నిద్రపోనివ్వలేదు. నల్లమల దారిలో అన్నిచోట్లా టీ కొట్లుండవు.

మర్నాడు మా వీధి చివరి సైకిల్ మేస్త్రీకి చూపించాను. ఆయన స్టాండు విప్పి, వేలితో తడిమి, "ఇటు చూడండమ్మా" అన్నారు. ఎడమ గొట్టం మీద పలక అంచు పడిన చోట లోతైన నొక్కు. అది జారకుండా ఉండాలని దుకాణంలో గట్టిగా బిగించారు. ఇలాంటి స్టాండు కోసం కొన్ని ఫ్రేములకు ఆ రెండు గొట్టాల మధ్య ఒక ఇనుప పలక వెల్డింగు చేసి వస్తుంది, అది ఉంటేనే ధైర్యంగా బిగించవచ్చునని చెప్పారు. నా ఫ్రేముకు ఆ పలక లేదు. గొట్టాల గోడ పలుచన, మధ్యలో నొక్కితే నొక్కుకుపోతుంది. నొక్కు పెద్దది కాదు, పగులు లేదు, తిరగవచ్చునన్నారు. కొత్త సైకిల్‌కు అలా జరిగినందుకు మాత్రం నాకు చాలా బాధ కలిగింది. దుకాణం వాళ్లకు ఫోను చేస్తే "మామూలేనండీ, అందరికీ అలాగే బిగిస్తాం" అన్నారు.

స్టాండు అనగానే నాకు చిన్నప్పటి నుంచి గుర్తొచ్చేది పాలవాళ్ల సైకిల్ స్టాండు. వెనక ఇరుసుకు తగిలించి ఉండే వెడల్పాటి ఇనుప చట్రం. కాలితో తొక్కి వెనక్కి లాగితే వెనక చక్రం గాల్లోకి లేస్తుంది. రెండు పక్కలా నిండు క్యాన్లున్నా కదలదు. బరువు మోసే సైకిల్‌కు అంతకన్నా గట్టి స్టాండు నేను చూడలేదు. అదే వేయించగలరా అని మేస్త్రీని అడిగాను. నా సైకిల్ వెనక ఇరుసు చేత్తో తిప్పి ఊడదీసే రకం, ఆ చట్రాన్ని తగిలించి నట్టు బిగించడానికి మర ఉన్న ఇరుసు బయటికి రాదు. ఒక పక్క గేరు మార్చే యంత్రం అడ్డం. ఆ దారి మూసుకుపోయింది.

నవంబరు మొదటి వారంలో తెనాలిలో ఉండే తోటి ప్రయాణికుడి రెండు కాళ్ల స్టాండును చూశాను. మోటారు సైకిల్ సెంటర్ స్టాండులా రెండు కాళ్లూ విడివడి సైకిల్‌ను నిటారుగా నిలబెడతాయి. ఆయన ఫ్రేముకు పలక ఉంది, కాబట్టి నొక్కుల భయం లేదు. స్టాండు యూరపులో తయారైనది, బెంగళూరు నుంచి తెప్పించుకోవడానికి మూడు వారాలు పట్టిందట. నా సంచులన్నీ ఆయన సైకిల్‌కు తగిలించి ఒక పూటంతా పరీక్షించాం. సిమెంటు నేల మీద అద్భుతం. ఒక చక్రం గాల్లో ఉంటుంది కాబట్టి చైనుకు నూనె వేయడం, పంక్చరు వేయడం సులువు. వెనక సంచులు బరువైతే ముందు చక్రం లేస్తుంది, ముందు బరువైతే వెనకది. ముందు చక్రం లేచిన ప్రతిసారీ హ్యాండిల్ గిర్రున తిరిగి సంచి బరువుతో ఒక పక్కకు లాగేది. దాన్ని పట్టి ఉంచడానికి ఆయన ఒక స్ప్రింగు కూడా వేయించుకున్నారు. నేల కొంచెం ఏటవాలుగా ఉంటే నాకు నమ్మకం కుదరలేదు. స్టాండు వేసి ఉండగా పెడల్‌ను వెనక్కి తిప్పితే స్టాండు కాలికి కొట్టుకుంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, సామానుతో ఉన్న సైకిల్‌ను ఆ రెండు కాళ్ల మీదికి ఎక్కించాలంటే వెనక్కి లాగుతూ పైకెత్తాలి. నాలుగోసారికే నా భుజం వద్దంది. ఆయన మాత్రం దానితో సంతోషంగా ఉన్నారు. పలక ఉన్న ఫ్రేము, బలమైన చేతులు, ఎక్కువగా తారు రోడ్డు ప్రయాణాలు అయితే అది మంచి వస్తువే.

అప్పుడు నా దృష్టి ఊతకర్రల మీదికి మళ్లింది. సైకిల్‌కు బిగించేదేమీ ఉండదు. గుడారపు కర్రల్లా ముక్కలుగా మడిచి సంచిలో పెట్టుకుని, ఆగినప్పుడు తీసి, పై రాడ్డు కింద ఊతగా పెట్టేదే. అమెరికాలో తయారైన క్లిక్‌స్టాండ్ ఈ పద్ధతిదే. అల్యూమినియం గొట్టాలు, లోపల సాగే తాడు, పైన రాడ్డు కూర్చునే గిన్నె. దానితోపాటు బ్రేకులను పట్టి ఉంచే సాగే పట్టీలు కూడా ఇస్తారు. ధర, పోస్టు, కస్టమ్స్ సుంకం కలుపుకుంటే నా లెక్కలో ఏడెనిమిది వేలు తేలింది, డిసెంబరులోగా చేతికొస్తుందన్న భరోసా లేదు. చూసిన కొద్దీ ఇది విజయవాడ ఆటోనగర్ లేత్ షెడ్లలో చేయించుకోదగ్గ వస్తువే అనిపించింది.

కానీ ఇంత సన్నని గొట్టం 40 కిలోలను ఎలా ఆపుతుంది? ఈ అనుమానం తీరనిదే డబ్బు ఖర్చు పెట్టడం ఇష్టం లేక, ఇంట్లో సామాను తూచుకునే కొక్కెం త్రాసు తీశాను. సంచులన్నీ నింపి, సైకిల్‌ను కొద్దిగా పక్కకు వాల్చి, పై రాడ్డుకు త్రాసు తగిలించి అడ్డంగా పట్టుకున్నాను. ముల్లు 5 కిలోల దగ్గర ఆగింది. మళ్లీ చూశాను, అంతే. బరువంతా చక్రాల మీదే ఉంది, కర్ర ఆపవలసింది ఆ పక్కవాటు మాత్రమే. వాలు పెంచితే ముల్లు పదికి, ఆపైకి పరుగెత్తింది. అంటే కర్ర లావు కన్నా పొడవు ముఖ్యం. పొట్టిదైతే సైకిల్ ఎక్కువ వాలి కర్ర మీద భారం పెరుగుతుంది. పొడుగ్గా ఉంటే మరీ నిటారుగా నిలబడి, గాలికి అవతలి పక్కకు పడుతుంది. ఆ సాయంత్రం నాకు కలిగిన ఊరట అంతా ఇంతా కాదు.

పొడవు తేల్చడానికి ఒక వెదురు బొంగు తెచ్చి, కావలసిన దానికన్నా పొడుగ్గా కోసి, వేలెడు వేలెడు తగ్గిస్తూ చూశాను. బ్రేకులు కట్టకుండా పెట్టినప్పుడల్లా చక్రం అంగుళం కదిలి బొంగు జారిపోయేది. పాత ట్యూబు నుంచి రెండు వేళ్ల వెడల్పున రబ్బరు ఉంగరాలు కోసి, ఒక్కో బ్రేకు లివరును హ్యాండిల్‌కు నొక్కి తొడిగాను. సైకిల్ రాయిలా నిలబడిపోయింది. ముందు బ్రేకు పట్టి ఉంటే చక్రం దొర్లదు. చక్రం దొర్లకపోతే హ్యాండిల్ కూడా అంత సులువుగా తిరగదు. మళ్లీ పరీక్షించాలని రబ్బర్లు తీసేసి చూశాను, వెంటనే జారింది. తర్వాత ఎవరు స్టాండు గురించి అడిగినా మొట్టమొదట చక్రాలు దొర్లకుండా బ్రేకులు కట్టడం గురించే చెబుతున్నాను. ఆ రబ్బరు ముక్కలకు నాకైన ఖర్చు సున్నా. మా మేస్త్రీ దగ్గర పంక్చరు ట్యూబులు ఒక గోనె నిండా ఉన్నాయి.

నా సైకిల్‌కు 78 సెంటీమీటర్లు సరిపోయింది. మీ ఫ్రేముకు ఇది పనికిరాదు, మీ వెదురు బొంగు మీరే కోసుకోవాలి.

నవంబరు 18న వన్‌టౌన్‌లో హార్డ్‌వేర్ దుకాణాలు తిరిగాను. కర్టెన్లకు వాడే 16 మిల్లీమీటర్ల అల్యూమినియం గొట్టంలో గోడ మందంగా ఉన్నది ఎంచుకున్నాను. పై గిన్నె కోసం చాలాసేపు వెతికాను. చివరికి దొరికింది ప్లంబింగు సామాన్ల అరలో. వేడినీళ్లకు వాడే లేత పసుపు సీపీవీసీ పైపుల్లో అంగుళం సైజు బయటి కొలత 28.6 మిల్లీమీటర్లు. చాలా స్టీలు ఫ్రేముల పై రాడ్డు కొలత కూడా సరిగ్గా అంతే, నాదీ అంతే. అంగుళం నుంచి అరంగుళానికి దిగే టీ జాయింటు తీసుకుని, అడ్డ భాగాన్ని పొడవునా సగానికి కోసేస్తే పై రాడ్డు కూర్చునే దోనె వచ్చింది. కింది అరంగుళం మూతిలో 16 మిల్లీమీటర్ల గొట్టం దాదాపుగా పడుతుంది, చివర ఉప్పుకాగితంతో రుద్దితే బిగువుగా దిగింది. దుకాణం కుర్రవాడు నా సైకిల్ రాడ్డు మీద పెట్టి చూసి నాకన్నా ఎక్కువ ఆనందపడ్డాడు. గొట్టం లావైన అల్యూమినియం ఫ్రేములకు ఈ సైజు చిన్నదవుతుంది, కొలత టేపుతో వెళ్లండి.

అడుగు భాగం సూర్యారావుపేటలో సర్జికల్ సామాన్ల దుకాణంలో దొరికింది. చేతికర్రల అడుగున తొడిగే రబ్బరు బుష్షు, 40 రూపాయలు. అన్నిటికన్నా చిన్న సైజు అడగాలి. అది లేకుండా అల్యూమినియం గొట్టం సిమెంటు మీద జారిపోతుంది.

ఇక లేత్ పని. ఆటోనగర్‌లో లారీల పని మధ్య నా గొట్టం ముక్కలు పట్టుకుని తిరిగితే మొదటి రెండు చోట్ల చిన్న పనులు మేం చేయం అన్నారు. మూడో చోట పెద్దాయన ఒకరు బొమ్మ గీసిన కాగితం చేతిలోకి తీసుకుని, కళ్లద్దాలు పైకి నెట్టి, "ఇది దేనికమ్మా?" అని అడిగారు. చెప్పాను. "ఒక్కదానివే వెళతావా అంత దూరం?" అన్నారు. అవునన్నాను. ఆయన ఇంకేమీ అనకుండా గొట్టాన్ని వెర్నియరుతో కొలిచి, "గొట్టం లోపలికి దిగే పోట్లు, అంటే ముక్కల్ని కలిపే కడ్డీలు, 8 సెంటీమీటర్లైనా ఉండాలి, నువ్వు గీసిన 5 చాలవు, ఊగుతుంది" అని కాగితం మీద దిద్దారు. గొట్టాన్ని మూడు ముక్కలు చేసి, వాటిని కలిపే రెండు అల్యూమినియం పోట్లను లేత్ మీద తిప్పి, తాడు వెళ్లేలా వాటి మధ్యలో రంధ్రం వేయాలి. మంగళవారం రమ్మన్నారు. మంగళవారం వెళితే లారీ ఇరుసు పని మీద ఉన్నారు. శుక్రవారం అన్నారు. మొత్తం తొమ్మిది రోజులు పట్టింది. 400 రూపాయలు తీసుకున్నారు. పోటు గొట్టంలోకి దిగేటప్పుడు మెత్తగా గాలి తన్నుకొచ్చేంత కచ్చితంగా చేశారు. అంత చిన్న పనికి అంత శ్రద్ధ పెట్టినందుకు నాకు గొంతు పట్టేసింది.

ఒక్కో పోటు సగాన్ని ఆరల్డైట్‌తో అతికించి, రాత్రంతా ఆరనిచ్చి, లోపల సాగే తాడు లాగి ముడి వేశాను. దోనె లోపల ట్యూబు రబ్బరు అతికించాను, లేకపోతే రాడ్డు రంగు లేచిపోతుంది. గొట్టం, కడ్డీ, టీ జాయింటు, బుష్షు, జిగురు, తాడు, లేత్ కూలి అన్నీ కలిపి 900 రూపాయల లోపే. బరువు పావు కిలో. మడిస్తే మూరెడు కూడా ఉండదు.

డిసెంబరు మొదటి వారంలో పులిగడ్డ వంతెన దాటి రేపల్లె మీదుగా బాపట్ల, సూర్యలంక వెళ్లి వచ్చాను. తారు అంచు, కాలువ గట్టు, గుడి అరుగు, పెట్రోలు బంకు, ఎక్కడ ఆపినా నిలబడింది. మెత్తటి మట్టిలో దిగబడకుండా ఊరగాయ సీసా ప్లాస్టిక్ మూత ఒకటి కింద వేస్తున్నాను. పెద్ద రోడ్డు మీద లారీలు పోయేటప్పుడు వచ్చే గాలికి మొదట భయపడ్డాను. కర్రను సైకిల్‌కు రోడ్డు లేని పక్కన పెట్టి, సైకిల్ రోడ్డుకు దూరంగా వాలేలా చేస్తే స్థిరంగా ఉంటోంది. అడ్డులేని గాలి వీచేచోటా అదే సూత్రం: గాలి సైకిల్‌ను కర్ర మీదికి నెట్టాలి. సంచులు తెరచాపలా గాలి పడతాయి. సూర్యలంక ఇసుకలో మాత్రం మూత కూడా కూరుకుపోయింది. అక్కడ సరుగుడు చెట్టే దిక్కయింది.

డిసెంబరు 27న శ్రీశైలానికి బయలుదేరాను. నరసరావుపేట, వినుకొండ, మార్కాపురం మీదుగా దోర్నాల చేరి, రాత్రి అక్కడ ఆగాను. అడవి దారిలో రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా వాహనాలను వదలరు, అందుకని తెల్లవారగానే గేటు దగ్గర ఉన్నాను. అక్కడి నుంచి దాదాపు 50 కిలోమీటర్లు ఎక్కుడు దిగుడు. ఎక్కుడులో ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడల్లా కర్ర పని పడింది. ఏటవాలులో సైకిల్ ముఖం పైవైపు ఉండాలి, వెనక చక్రం కింద రాయి పెట్టాలి, ఆ తర్వాతే కర్ర. నా పై రాడ్డు ముందుకు పోయే కొద్దీ కొంచెం ఎత్తవుతుంది, కాబట్టి నేల పల్లంగా ఉన్న పక్క కర్ర పెట్టవలసి వస్తే దోనెను సీటు వైపు ఉంచకుండా ముందుకు జరిపితే వాలు తేడా సర్దుకోదు, ఇంకా పెరుగుతుంది. సీటు వైపు వెనక్కి జరిపితే సరిపోతుంది. ఇది అక్కడే, ఘాట్ రోడ్డు మలుపులో నిలబడి తెలుసుకున్నాను.

నేను ఊహించనిది కోతులు. శిఖరం దగ్గర ఆపి నీళ్లు తాగుతుంటే ఒకటి వెనక సంచి మీదికి దూకింది. కర్ర లేని పక్కకు సైకిల్ ఒక్క క్షణం లేచింది, దోనె రాడ్డును వదిలింది, కర్ర పడిపోయింది. అదృష్టవశాత్తూ నేను చేతికందే దూరంలో ఉండి పట్టుకున్నాను. అరటిపళ్లు పోయాయి. అక్కడే ఒక రబ్బరు ఉంగరాన్ని దోనె కింద నుంచి రాడ్డు మీదుగా చుట్టి కట్టాను. ఆ తర్వాత సైకిల్ అటూ ఇటూ ఊగినా కర్ర దానితోనే ఉంటోంది, పడటం లేదు. ఇప్పుడు నా దగ్గర మూడు ఉంగరాలు: రెండు బ్రేకులకు, ఒకటి దోనెకు. ఎండకు రబ్బరు పగుళ్లిస్తుంది కాబట్టి ఇంకో మూడు సంచిలో ఉంటాయి.

తిరిగొచ్చాక ఆటోనగర్ పెద్దాయనకు ఫొటోలు చూపించాను. "పోట్లు ఊగాయా?" అన్నదే ఆయన మొదటి ప్రశ్న. ఊగలేదని చెప్పాను. కొలత మార్చుకునేలా కింది ముక్కలో మర తిప్పి ఇవ్వగలరా అని అడిగాను, ఘాటులో రెండు వేళ్ల ఎత్తు తేడా ఎంత ఇబ్బంది పెట్టిందో చెప్పాను. గొట్టం గోడ పలుచన, మర నిలవదు, అడుగున గట్టి కడ్డీ ముక్క దించి దానికి మర వేస్తే నిలుస్తుందన్నారు. కడ్డీ కొని ఇచ్చి వచ్చాను. సంక్రాంతి తర్వాత రమ్మన్నారు.